ఇవతలి పక్క సున్నం బొట్టు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం నేను లేచి వెళ్ళిపోతాను.

నేను ఎమ్మిగనూరులో పిల్లలకు సైన్సు చెబుతాను. దయ్యాన్ని చూశానన్న పిల్లాణ్ణి బెంచీ ఎక్కించిన మాస్టర్ని. ఎవరైనా "నిజంగా జరిగింది సార్" అని మొదలుపెడితే చాలు... నువ్వు చూశావా, ఎవరో చెబితే విన్నావా, అప్పుడు టైమెంత, వెలుగుందా, అని ప్రాణం తోడేసేవాణ్ణి. అలాంటి నేను చెబుతున్నాను. ఇది నేను చూశాను. వేలితో ముట్టుకున్నాను. మా అక్క మీద ఒట్టు. అమ్మ పోయాక నాకు మిగిలింది ఆవిడ ఒక్కతే, ఆవిడ మీద అబద్ధపు ఒట్టు వేసేంత నీచుణ్ణి కాను.

మా అక్క పేరు సరోజ. ఆదోని గుట్టల వెనక ఒక చిన్న ఊరికి ఇచ్చాం. బావ పేరు రంగప్ప. నాలుగెకరాల మెట్ట, రెండెద్దులు, పదేళ్ళ నుంచీ సుగరు. మాటకు ముందు నవ్వేవాడు. నా పేరు మల్లికార్జున అయినా ఆయన ఎప్పుడూ "సారూ" అనే పిలిచేవాడు. అందులో సగం గౌరవం, సగం వేళాకోళం.

శ్రావణంలో ఆ ఊరివాళ్ళు ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి నడిచి పోతారు. బస్సులు లేక కాదు. మొక్కుకున్నవాళ్ళు నడవాల్సిందే. అదీ రోడ్డు మీద కాదు, పాతకాలం నుంచీ ఉన్న గుట్టల దారిలో. గుట్టలంటే చెట్లూ చేమలూ అనుకునేరు. ఒట్టి రాళ్ళు. ఇల్లంత రాయి మీద ఎద్దంత రాయి, దాని మీద ఇంకోటి. మధ్యలో ఇసక, ముళ్ళకంప. సాయంత్రం ఎండ పడితే మొత్తం ఎర్రబడిపోతుంది. ఒక బండ దాటితే అచ్చం అలాంటిదే ఇంకో బండ. ఎటు నుంచి వచ్చామో, ఎటు పోవాలో... పుట్టి పెరిగినవాళ్ళకే తికమక.

అందుకని నడకకు నాలుగైదు రోజుల ముందు ఒకరు పోయి, దారి పొడుగునా రాళ్ళకు సున్నం బొట్లు పెట్టి వస్తారు. అరచేయంత బొట్టు. రాత్రిపూట టార్చి వేస్తే తెల్లగా కనిపిస్తుంది. ఆ పని బావ వాళ్ళ ఇంటి వంతు, తాతల నాటి నుంచీ.

దానికి కట్టుబాట్లున్నాయి. బొట్లు పెట్టేవాడు ఒక్కపొద్దు ఉండాలి, మళ్ళీ ఇల్లు చేరాకే తినాలి. చెప్పులు వేసుకోకూడదు. వెంట ఉన్నవాడి దగ్గర కూడా తినే వస్తువేదీ ఉండకూడదు, ఉంటే బొట్టు ఎంగిలైపోతుందట. నీళ్ళు మాత్రం తాగొచ్చు. ఇంకొకటి ఉంది... ఇది బాగా గుర్తుపెట్టుకోండి. బొట్టు రాయికి ఒక్క పక్కనే పెడతారు. ఊరి వైపు నుంచి పోయేవాడికి కనిపించే పక్కన. అటు నుంచి ఇటు వచ్చేవాడికి ఏ బొట్టూ కనిపించదు. ఎందుకట్లా అని నేను బావను అడిగాను.

"పోయేటోనికి దారి సూపియ్యాల సారూ. వచ్చేటోన్ని ఆయప్పే తోలుకొస్తాడు," అన్నాడు.

"ఆయప్ప టార్చి పట్టుకోని వస్తాడా?" అన్నాను. నా నోరు అలాంటిది.

ప్రతి ఏడూ బావకు తోడుపోయే దాయాదికి ఆ ఏడు కాల్లో ముల్లు దిగి చీము పట్టింది. నాకు ఆదివారం సెలవు. నేనే వస్తానన్నాను. భక్తి కాదు. ఆ రాళ్ళంటే నాకు పిచ్చి. సెలవు దొరికితే గుట్టలెక్కి ఒంటరిగా తిరగడం, ఫోటోలు తీసుకోవడం... నాకున్న సరదా అదొక్కటే.

పొద్దున బస్సు దిగి, ఆటోలో పడి ఊరి చివరికి చేరేసరికి బావ సున్నం డబ్బాతో సిద్ధంగా ఉన్నాడు. నా సంచిలో బిస్కట్ పొట్లం చూశాడు. బయట పారెయ్యమన్నాడు. నేను గొణుక్కుంటూ అక్కడున్న కుక్కకు వేశాను. అది ఒక్కోటే తీరిగ్గా తిన్నది.

"సుగరు పెట్టుకోని ఒక్కపొద్దేంది బావా? మాత్ర మింగినావా?" అని అడిగాను.

"తిండే లేనప్పుడు మాత్రెందుకు సారూ," అని నవ్వాడు.

మింగలేదు కాబోలు అనుకున్నాను. అంతే, ఇంకో మాట అడగలేదు.

రోజంతా నడిచాం. డబ్బా తగరపుది, దానికి తీగ పిడి. నడుస్తుంటే ఒకటే చప్పుడు. కిర్రు... కిర్రు... కిర్రు. బావ రాయి దగ్గర ఆగేవాడు. గుడ్డ ఉండ సున్నంలో ముంచేవాడు. రాయి మీద కొట్టేవాడు... తప్. కిందికి కారే చుక్కను బొటనవేలితో పైకి తుడిచేవాడు. ఒక్క రాయికీ తుడవకుండా వదిలిపెట్టలేదు. కారితే గుర్తు చెరిగిపోతుందనేవాడు. మళ్ళీ కిర్రు... కిర్రు. మధ్యాహ్నానికి ఆ చప్పుడంటే నాకు విసుగు పుట్టింది.

ఆలస్యమైంది నా వల్లనే. ఇది దాచను. ప్రతి బండ దగ్గరా ఆగాను. కింద పడుకొని ఫోటోలు తీశాను, రాయి మీద రాయి ఎట్లా నిలబడిందో చూస్తూ కూర్చున్నాను. "పొద్దు పోతాంది సారూ," అని బావ రెండు మూడు సార్లన్నాడు. ఉండు బావా, ఈ వెలుగు మళ్ళీ రాదు అన్నాను. నిజంగానే బాగుంది. బండలన్నీ నిప్పు రంగులోకి తిరిగాయి. ఎక్కడా పిట్ట అరుపు కూడా లేదు. అంత నిశ్శబ్దంలో ఉండటం నాకు హాయిగా అనిపించింది, సిగ్గులేకుండా చెబుతున్నాను.

ఆఖరి రాయి దగ్గర బావ ఆఖరి బొట్టు పెట్టాడు. ఖాళీ డబ్బాను అక్కడే బోర్లించాడు. దాన్ని నడకకు వచ్చేవాళ్ళే తీసుకుపోతారు, వెనక్కి తేకూడదు. ఆ డబ్బాను నా కళ్ళతో చూశాను... బోర్లించి, దాని మీద ఒక రాయి పెట్టాడు. తర్వాత వెనక్కి తిరిగాం. పొద్దు అప్పుడే గుంకింది. అలవాటున్నవాడికి ఊరికి గంటన్నర నడక.

పావుగంట నడిచామో లేదో బావ వెనకబడ్డాడు.

"సలి పెడతాంది సారూ."

చలి ఏమిటి? కాళ్ళ కింద బండలు ఇంకా కాలుతున్నాయి. టార్చి వేసి చూశాను. చొక్కా మొత్తం తడిసిపోయి ఉంది. ముఖం మీద చెమట ధారగా కారుతోంది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి "నాయనా..." అన్నాడు. సారూ అనలేదు. వాళ్ళ నాన్న పోయి ఇరవై ఏళ్ళయింది.

ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"బావా, నిజం సెప్పు. పొద్దున మాత్ర మింగినావా?"

"మింగకుంటే మీ యక్క ఇడిసిపెడ్తాదా... సెంబు పట్టుకోని నిలబడ్తాది... రొండూ మింగినా."

"ఒక్కపొద్దని అక్కకు సెప్పలేదా మరి?"

"సుగరని ఈసారి ఒక్కపొద్దు ఇడిసినా, నువ్వు సద్ది తెస్తాండావని సెప్పినా."

అదీ సంగతి. దేవుడి కోసం పస్తున్నాడు. పెళ్ళాం కోసం మాత్రలు మింగాడు. ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక ఇద్దరికీ సగం సగం చెప్పాడు. మాత్రల సంగతి అక్కకు తెలుసు, పస్తు సంగతి నాకు తెలుసు. మేమిద్దరం ఫోన్లో ఒక్క నిమిషం మాట్లాడుకొని ఉంటే... సుగరు మాత్ర మింగి రోజంతా తినకపోతే ఏమవుతుందో నేను పదో తరగతికి బోర్డు మీద బొమ్మేసి చెబుతాను. పిడికెడు చక్కెర చాలు. ఒక బెల్లం ముక్క చాలు. జేబులు తిరగేశాను. సంచి దులిపాను. ఏమీ లేదు. ఆ కుక్క గుర్తొచ్చింది.

నా ఫోను ఫోటోలతోనే చచ్చింది. బావది చిన్న బటన్ల ఫోను, నేను పట్టుకున్న టార్చి దానిదే. సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు. ఆయన్ను అక్కడే పడుకోబెట్టి నేను పరుగెత్తుకుపోదామనుకున్నాను. నా చొక్కా పట్టుకున్నాడు.

"వొదిలిపెట్టి పోవద్దప్పా..."

ఎట్లా పోతాను? ఆయన చెయ్యి నా మెడ చుట్టూ వేసుకున్నాను. నడుము పట్టుకున్నాను. బయలుదేరాం.

అప్పుడు తెలిసింది నాకు, బొట్లు ఒక్క పక్కనే ఉండటమంటే ఏమిటో. ఇవతలి నుంచి చూస్తే రాళ్ళన్నీ ఒకటే. నల్లగా, బోడిగా. ఇది మేము వచ్చిన దారేనా? తెలుసుకోవాలంటే ఒక్కటే మార్గం. బావను కింద కూర్చోబెట్టాలి. రాయి చుట్టూ తిరిగి అవతలి పక్కకు పోవాలి. టార్చి వేయాలి. బొట్టుంటే సరే. లేకపోతే పక్క రాయి. మళ్ళీ వచ్చి బావను లేపాలి. ఒక్కో రాయికి అంతసేపు. మబ్బు పట్టింది, చుక్క కూడా లేదు. గంటన్నర దారి తెల్లారేదాకా పట్టేట్టుందని నాకు అర్థమైంది. అంతసేపు ఆయన ఉంటాడా అన్నది ఆలోచించకూడదని పళ్ళు బిగపట్టాను.

ఏడు రాళ్ళో, ఎనిమిది రాళ్ళో దాటాం అట్లా.

తర్వాతి రాయి ముందుకు వచ్చి టార్చి ఎత్తాను...

బొట్టు ఉంది.

ఇవతలి పక్క. మాకు ఎదురుగా.

ముందు నాకు సంతోషమే కలిగింది. అమ్మయ్య అనుకున్నాను. బావే కట్టుబాటు పక్కనపెట్టి ఈ పక్క కూడా పెట్టాడేమో, నేను ఫోటోల గోలలో చూసుకోలేదేమో. తర్వాత దగ్గరికి పోయాను. టార్చి దగ్గరగా పట్టాను.

బొట్టు కింద నుంచి సున్నం చుక్క ఒకటి కారుతోంది.

కారిన మరక కాదు. కారుతోంది. నేను చూస్తుండగా... మెల్లగా... రాయి గరుకు మీద ఆగి... మళ్ళీ కదిలి... వేలెడు కిందికి దిగింది. ఎవరూ దాన్ని తుడవలేదు.

చూపుడు వేలు పెట్టి ముట్టుకున్నాను. చల్లగా, జిగటగా ఉంది. ముల్లు గీరుకున్న చోట చురుక్కుమంది. బావ ఆఖరి బొట్టు పెట్టి గంట దాటింది. డబ్బా అంత దూరంలో బోర్లించి ఉంది. బావ నా వెనక కూర్చొని తల వేలాడేసి ఉన్నాడు.

వేలు ప్యాంటుకు తుడుచుకున్నాను. పొద్దున్నుంచీ నా ప్యాంటు నిండా సున్నమే, కాబట్టి అది సాక్ష్యానికి పనికిరాదు. నాకు తెలుసు.

ఇంకేం చేయను? ఆ బొట్టు చూపిన వైపే నడిచాం. తర్వాతి రాయికి ఉంది. ఆ తర్వాతి దానికీ ఉంది. అన్నీ ఇవతలి పక్కనే, అన్నీ తడిగానే. చుట్టూ తిరగాల్సిన పని లేకపోయేసరికి మా నడక జోరందుకుంది. మొదట్లో అవతలి పక్క కూడా చూశాను, బావ పెట్టిన బొట్టు ఉంది, దారి సరైనదే. అప్పుడు... నిజం చెబుతున్నా... భయం కంటే ఆశే ఎక్కువగా ఉంది నాకు. ఎవరో ఊరి మనిషి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి ముందు పోతున్నాడనుకున్నాను.

అప్పుడు వినిపించింది.

కిర్రు...

ముందు నుంచి. చీకట్లో, ముప్పై నలభై అడుగుల దూరంలో.

కిర్రు... కిర్రు...

ఆగింది. తప్... అని ఒక చప్పుడు. గుడ్డ ఉండ రాతికి తగిలిన చప్పుడు. రోజంతా విన్నదే, నేను పొరబడను. మళ్ళీ కిర్రు... కిర్రు.

"ఎవరప్పా ఆడ?" అని అరిచాను.

చప్పుడు ఆగిపోయింది. గాలి మాత్రం మా ముఖం మీదికి కొడుతోంది. టార్చి అటు వేశాను. ఆ చిన్న వెలుగు ఎంత దూరం పోతుంది? రాళ్ళు, రాళ్ళ నీడలు.

బావ తల ఎత్తాడు. అంతసేపూ గొణుగుతున్న మనిషి తేటగా మాట్లాడాడు.

"ముందర పోతాండేది ఎవరు సారూ? మనోళ్ళేనా?"

ఆయనకూ వినిపించింది. ఇది నా ఒక్కడి చెవి కాదు. సుగరు పడిపోయినవాడికి లేనిపోనివి వినిపిస్తాయంటారా... నాకు సుగరు లేదు.

అట్లా మూడు పెద్ద బండలు ఒకచోట కలిసే దగ్గరికి వచ్చాం. అక్కడ దారి చీలినట్టుంటుంది. తడి బొట్టు ఎడమవైపు బండకు ఉంది. టార్చి వేస్తే దాని నుంచి చుక్క కారుతూనే ఉంది. కుడివైపు బండ బోడిగా ఉంది. నాకు అనుమానం వచ్చింది. బావను కూర్చోబెట్టి కుడి బండ చుట్టూ తిరిగి చూశాను.

బావ పెట్టిన బొట్టు అక్కడుంది. ఆరిపోయింది. బొటనవేలితో పైకి తుడిచిన గుర్తు కూడా ఉంది.

ఎడమ బండ వెనక్కు పోయి చూశాను. ఏమీ లేదు.

అంటే ఊరి దారి కుడికి. తడి బొట్టు ఎడమకు.

నేను అక్కడ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎడమవైపు చీకట్లోంచి మళ్ళీ మొదలైంది... కిర్రు. ఒక్కసారే. మేము వస్తున్నామో లేదో అని ఆగి చూసినట్టు.

బావ లేవబోయాడు. ఎడమకు.

"ఆ పక్కకు పోదాం మల్లీ..."

మల్లీ అన్నాడు. ఇరవై ఏళ్ళలో ఆయన నన్ను పేరుతో పిలవడం అదే మొదటిసారి.

"అది దారి కాదు బావా. మనూరు ఈ పక్క."

"ఆ పక్కకే పోదాం మల్లీ... పిలుస్తాండారు."

"ఎవరూ పిలవల్యా. లెయ్యి."

బండ అంచు పట్టుకున్నాడు. నేను లాగుతుంటే వదలడు. ఆ ఒంట్లో అంత బలం ఎక్కడిదో. "ఆ పక్కకు..." అని మూడోసారి అన్నాడు, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ.

"నోర్మూసుకో బావా!" అని అరిచాను.

వేళ్ళు ఒక్కొక్కటే ఊడదీసి, ఆయన్ను వీపు మీద వేసుకొని కుడికి నడిచాను. వెనక నుంచి ఆ చప్పుడు మళ్ళీ రాలేదు. వస్తుందేమోనని ఊరు చేరేదాకా చెవులు వెనకే పెట్టుకొని నడిచాను. బావ ఇంకేం మాట్లాడలేదు. నేను ఆయనతో అన్న ఆఖరి మాట అదే.

మళ్ళీ రాయి రాయి చుట్టూ తిరుగుతూ, దారి రెండుసార్లు తప్పి, తెల్లారుజామున ఊరి చివరికి వచ్చాను. పాలక్యాన్లు కట్టుకుంటున్న మనిషి చూసి పరుగెత్తుకొచ్చాడు. నోట్లో చక్కెర పోశారు. మింగలేదు. ఆటోలో ఆదోనికి తీసుకుపోయాం. అక్క తన ఒళ్ళో ఆయన తల పెట్టుకొని కూర్చుంది. "యాలప్పా తినకపోతివి... యాలప్పా తినకపోతివి," అంటూ ఎందుకు తినలేదని అడుగుతూనే ఉంది. ఆసుపత్రి మెట్ల దగ్గర స్ట్రెచర్ తెచ్చినతను చెయ్యి పట్టి చూసి, అక్క ముఖం చూడకుండా నా వైపు చూశాడు.

బావ పదకొండో రోజు కర్మ అయ్యాక నేను ఒక్కణ్ణే మళ్ళీ అక్కడికి పోయాను. పట్టపగలు. అప్పటికి రెండు వానలు పడ్డాయి. మూడు బండల దగ్గర ఎడమ బండ మీద ఏదో తెల్లటి మరక ఉంది. సున్నమా? పిట్ట రెట్టా? వాన కడిగేసింది. నేను చెప్పలేను. ఎడమకు నడిచాను. ఇంకో రెండు రాళ్ళు... తర్వాత ఒక నిలువు బండ. ఆ బండ దగ్గర నేలే లేదు. ఎప్పుడో రాళ్ళు కొట్టి వదిలేసిన గుంత. తాటిచెట్టంత లోతు, అడుగున పచ్చటి నీళ్ళు. చీకట్లో ఆ చిన్న టార్చితో వచ్చి ఉంటే ఇద్దరం అందులోనే ఉండేవాళ్ళం.

చేతులెత్తి దండం పెట్టాను. నేను... దండం పెట్టాను. నేను చేసింది మంచి పనే అనుకున్నాను. పదకొండు రోజుల తర్వాత మొదటిసారి ఊపిరి ఆడింది.

అప్పుడు దగ్గు వినిపించింది.

గుంత అంచు పట్టుకొని, ఆ నిలువు బండ చుట్టూ తిరిగి పోతే యాభై అడుగుల్లో గొర్రెల మంద. కంచె, మూడు రాళ్ళ పొయ్యి, బూడిద. ఒక ముసలి కాపరి గొంగడి మీద కూర్చొని ఉన్నాడు. ఎన్ని రోజుల నుంచి ఇక్కడున్నారని అడిగాను.

"ఇరవై దినాలాయప్పా. నేనూ మా తమ్ముడూ ఈడనే ఉండాము."

ఆ ఆదివారం రాత్రి?

"ఉంటిమి. వానొస్తాదేమోనని నిద్రపోల్యా. బెల్లం టీ కాసుకుంటా తెల్లారేదాంక కూకోనుంటిమి."

బెల్లం టీ. నేను కూలబడ్డాను. ఆ రాత్రి మా కేక వినిపించిందా అన్నాను.

"కేక ఇనపడలేదప్పా, గాలి మీ పక్కకుండ్య. డబ్బా సప్పుడు మాత్రం ఇన్యాము. కిర్రు కిర్రుమని ఆ బండ దాంక వచ్చె. ఎవరో బొట్లు పెట్టేటోళ్ళు, ఈ పక్కకొస్తారులే, టీ ఇస్తాములే అనుకుంటిమి. రాల్యా."

మీ డబ్బా చప్పుడేమో అన్నాను. చూపించాడు. ప్లాస్టిక్ బకెట్టు, తాడు పిడి. ఊళ్ళో అందరినీ అడిగాను. ఆ రాత్రి గుట్టల్లోకి ఎవరూ పోలేదు. నడకకు పోయినవాళ్ళకు డబ్బా ఆఖరి రాయి దగ్గరే, బోర్లించినట్టే, పైన రాయి పెట్టినట్టే దొరికింది.

ఇంటికొచ్చి ఇదంతా అక్కకు చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ ఏడవలేదు. నన్ను ఆడికి తీసుకపో అంది. తీసుకుపోయాను. గుంతను చూసింది. బండ చుట్టూ నెమ్మదిగా నడిచి మంద ఉన్న చోటు చూసింది. అప్పటికి కాపరులు వెళ్ళిపోయారు, పొయ్యి రాళ్ళు మాత్రం ఉన్నాయి. వెనక్కి మూడు బండల దగ్గరికి వచ్చి, బావ పట్టుకున్న అంచు ఏదో చూపించమంది. చూపించాను. అక్కడ చెయ్యి పెట్టింది.

"మీ బావ ఏమన్న్యాడు ఈడ?"

"ఆ పక్కకు పోదాం మల్లీ అన్న్యాడు."

"నువ్వేమంటివి?"

నోర్మూసుకో అన్నానని ఎట్లా చెప్పను? మా అక్కకు. ఆ బండ దగ్గర నిలబడి.

"సరే బావా అంటి," అన్నాను.

అక్క నా ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగినట్టు అడిగింది.

"మరి యాల పోల్యా?"

నేను బదులు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు. ఆవిడ మళ్ళీ అడగలేదు, నాకు అన్నం పెడుతుంది, మాట్లాడుతుంది, అన్నీ మామూలే.

ఇప్పుడు మీరు చెప్పండి. మీలో ఇలాంటివి నమ్మేవాళ్ళు ఉన్నారుగా. అది ఏమిటి? బెల్లం టీ దగ్గరికి పిలిచిందా, గుంతలోకి పిలిచిందా? రెండూ ఆ ఒక్క బండ దగ్గరే ఉన్నాయి, నేను అడుగులతో కొలిచి చూశాను. కాపరి కూడా విన్నాడు కాబట్టి అది నా భ్రమ అని చెప్పి తప్పించుకోవద్దు. దయ్యమే అనండి. మమ్మల్ని ఇద్దరినీ మింగాలని చూసిన దయ్యం అనండి. ఎవరో ఒకరు గట్టిగా, నాకు నమ్మకం కలిగేట్టు ఆ మాట అనండి... నేను ఇంటికి పోయి పడుకుంటాను.